తోటిపశువుల తోకలు నమలు గుఱ్ఱపుపిల్ల
(కోరుకొండలో రైతుల యెదుట చేసిన ఉపన్యాసము)



పశుపోషణమున మీకు తెలియని దేదో నాకు తెలియునని చెప్పుకొనుటకు నేనిచ్చట నిలువలేదు. నేను పశువైద్యుడను గాను. రెవిన్యూ శాఖలో ఆంగ్లభాషలోని కాగితములను తెనుగునకు మార్చుట నా యుద్యోగము. పశువైద్యులు వ్రాసిన సంగతులను పలుమార్లు తెనిగించుటచే, వారు చెప్పునది మీకు చేరవలసిన మాటయనియు, అది కచేరీ భాషలో చిక్కుకొని మీ పాకలవఱకు రాలేకున్నదనియు నాకు తోచినది. కావున ఒక చిన్న విషయమును దీసికొని, మీ యింటిమాటలతో మీకు విన్నవించెదను.

ఒక గుఱ్ఱపుపిల్ల తనతో కలిసియున్న తక్కిన గుఱ్ఱముల తోకవెండ్రుకలను నమలి త్రెంచివేయుచున్నది. దానిని మాన్పించుట యెట్లు? ఇదియే నేటి ప్రశ్న.

దీనికొక ఉపన్యాసము కావలెనా యని కొందఱు నవ్వవచ్చును. రాజమహేంద్రవరపు వీథులలో జట్కాబండ్లు తిరిగిన కాలము గడచిపోయినది. ఇప్పుడు గుఱ్ఱములను పెంచువారు కొలదిమంది. పెండ్లి యూరేగింపుల కొఱకును, ఉత్సవముల కొఱకును వానిని పోషించువారు వారిలో ముఖ్యులు. కాని యీ చేష్ట గుఱ్ఱములకు మాత్రమే చెందినది కాదు. గేదెదూడలును, ఆవుదూడలును ఇట్లే యొకదాని తోకను చెవిని మఱియొకటి చప్పరించును, పలుపులు కొఱుకును, ఆరవేసిన గుడ్డలు నమలును, గోడకు పూసిన మన్ను నాకును. గుఱ్ఱపుపిల్ల విషయమున గ్రహించిన ధర్మము దూడల విషయమునను చాలవఱకు పనికివచ్చును. ఎచ్చట భేదమున్నదో అచ్చట వేఱుగా చెప్పెదను.

తోకపోయిన కలుగు నష్టము

ముందుగా నష్టమును లెక్కింతము. తోక పశువునకు అలంకారము మాత్రమే కాదు. అది దాని వీవన. కాలువలును, చేలలో నీరును, దోమలును, జోరీగలును గల మన ప్రదేశమున తోకలేని పశువు పగలు మేత మేయలేదు, రాత్రి పండుకొనలేదు. గుఱ్ఱపు తోకవెండ్రుక నెలకు సుమారు ఒక అంగుళమునకు లోపుగనే పెరుగును. కావున మోకాలివఱకు కొఱికివేయబడిన తోక మరల పూర్తిగా దిగుటకు రెండు మూడు సంవత్సరములు పట్టును. అంతకాలమును ఊరేగింపునకు పిలుచువారు ఆ గుఱ్ఱమును చూచి మఱియొకదానిని కోరుకొందురు. సంతలో దూడతోక కుచ్చులేకయున్నచో కొనువాడు ధర తగ్గించి యడుగును.

నమలు పిల్లకు కలుగు నష్టము ఇంతకంటె పెద్దది. మ్రింగిన వెండ్రుకలు జీర్ణము కావు. దూడల పొట్టలో అవి చుట్టుకొని ఉండలుగా మారును. అట్టి యుండ దారికడ్డుపడిన యెడల ప్రాణాపాయము. గుఱ్ఱమునకు వాంతి చేసుకొను శక్తి లేదు. లోనికి పోయినది వెనుకకు రాదు. కావున దానికి కడుపునొప్పి యనునది మిక్కిలి భయంకరమైన వ్యాధి.

నమలుటయేనా యని తెలిసికొనుట

తోక పలుచబడినదనగానే ప్రక్కనున్న పిల్లపై నేరము మోపరాదు. ముందు తోకను చేతబట్టి చూడవలెను.

నమలబడిన తోక క్రిందిభాగమున, పిల్లనోటికి అందునంత యెత్తున, కత్తెరతో కోసినట్లు తెగియుండును. వెండ్రుకలు లాలాజలముచే తడిసి జిగటగా ఉండును. తోకమొదట వెండ్రుకలు చెడవు.

తోకమొదటనే వెండ్రుకలు విఱిగి చింపిరిగా ఉన్నచో, ఆ గుఱ్ఱము తానే స్తంభమునకు రాచుకొనుచున్నదని యెఱుగవలెను. ఆసనమువద్ద గ్రుడ్లుపెట్టు సన్నని పురుగులు దీనికి తఱచుగా కారణమగుచుండును. పేలును కారణము కావచ్చును. దీనికి మందు వేఱు.

తోకయు జూలును రెండును కలిసి రాలిపోవుచున్నచో, గుఱ్ఱము సుబాబుల్ ఆకు తినుచున్నదేమో విచారింపుడు. కాగితపు మిల్లుల కొఱకు మన ప్రాంతములలో పెంచు నీ చెట్టు ఆకులో ఒక విషపదార్థము గలదు. దానిచే గుఱ్ఱమునకు జూలును తోకయు ఊడిపోవును. పశువులకు కొంతమట్టుకు మేపదగిన యీ యాకు గుఱ్ఱమునకు పెట్టదగినది కాదు.

గేదెకు తోకచివర వెండ్రుకలు మాత్రమేగాక చర్మముకూడ నల్లబడి యెండిపోవుచు, చెవులకొనలును కాళ్లును చెడుచున్నచో, అది బూజుపట్టిన వరిగడ్డివలన కలుగు డెగ్నాలా వ్యాధి కావచ్చును. పంజాబులోని డేగ్ నాలా యను సెలయేటి ప్రాంతమునుబట్టి దానికాపేరు వచ్చినది. వర్షములో తడిసి బూజెక్కిన గడ్డిని తక్షణమే మాన్పి, పశువైద్యుని పిలువవలెను.

ఈ మూడును కావని నిశ్చయించుకొనిన తరువాతనే నమలు పిల్లవైపు చూడవలెను.

చిక్కముచే కుదురునా?

సాధారణముగా మనకు తోచు మొదటి యుపాయము చిక్కము. కుప్పనూర్పులలో ఎద్దుమూతికి కట్టినట్లు పిల్లమూతికి చిక్కము కట్టినచో తోకలు బ్రతుకును, నిజమే. కాని చిక్కము నోటిని మూయును గాని, నోరు దేనికొఱకు తెరచుకొనినదో ఆ కారణమును మూయదు. చిక్కము తీసిన గడియలోనే పిల్ల మరల తోకనందుకొనును. ఎల్లప్పుడు కట్టియుంచినచో మేతయు నీరును తగ్గి పిల్ల చిక్కిపోవును.

పశువు పొగరుచే తోక నమలదు. దానికి మాటలు లేవు. తనకు లోపించినదానిని నోటితోనే వెదకుకొనును. తినదగని వస్తువులను తినగోరు నీ లక్షణమునకు పాశ్చాత్య వైద్యులు ‘పైకా’ యని పేరు పెట్టిరి. అది లాటిను భాషలో ఒక పక్షిపేరు. కంటబడినదెల్ల తినునని ఆ పక్షికి అపకీర్తి గలదు. పేరు పక్షిది యైనను, దోషము మాత్రము చాలవఱకు మనము పెట్టు గాడిలో నున్నది. కావున పిల్లనోటిని కట్టుటకు ముందు గాడిలో చేయిపెట్టి చూడుడు. నేటి ఉపన్యాసమున మీరు జ్ఞాపకముంచుకొనవలసిన దిదియొక్కటియే.

మొదటి కారణము: పొడవైన మేత లేకుండుట

గుఱ్ఱము స్వేచ్ఛగా బయలున విడువబడినచో దినమునకు 14 గంటలు మొదలు 18 గంటలవఱకు మేయుచుండును. దాని నోరును, కడుపును అట్లే నిర్మింపబడినవి. ఉలవలు ఉడికించి గుగ్గిళ్లు పెట్టుట మన పెద్దలనుండి వచ్చిన యాచారము, అది బలమిచ్చును. కాని గుగ్గిళ్లవంటి దాణా కొద్ది నిమిషములలో ముగియును. ఒక కిలో ఎండుగడ్డిని నమలుటకు గుఱ్ఱమునకు సుమారు 40 నిమిషములు పట్టగా, ఒక కిలో దాణాకు పది నిమిషములు చాలును. దాణాతో కడుపు బలపడినను, నోరు ఖాళీగా మిగిలిపోవును. ఎదుట గడ్డి లేదు. ప్రక్కన గడ్డివలె వ్రేలాడుచున్న తోక యున్నది. పిల్ల యేమి చేయవలెను?

గుఱ్ఱమునకు దాని బరువులో నూటికి ఒకటిన్నర మొదలు రెండువంతులవఱకు ఎండుమేత దినమునకు ఉండవలెను. అనగా 150 కిలోల బరువుగల పిల్లకు దాదాపు మూడు కిలోల మంచి యెండుగడ్డియైనను కావలెను. పచ్చగడ్డిలో నీరు హెచ్చు గనుక పచ్చిమేతయైనచో అంతకు నాలుగైదు రెట్లు కావలెను. దీనిని ఒక్కసారిగా వేయక నాలుగైదు పర్యాయములుగా వేయుడు. రాత్రి చీకటిలో తోకలు ఎక్కువగా పోవుచుండును గనుక పడుకొనబోవు ముందు వేయు మోపు అన్నిటికంటె పెద్దదిగా నుండవలెను. వలసంచిలో పెట్టి వ్రేలాడదీసినచో గడ్డి కొద్దికొద్దిగా వచ్చి చాలసేపు నిలుచును. కాని పిల్లకాలు అందులో చిక్కుకొనకుండునంత యెత్తున కట్టవలెను.

ఇచ్చట మన ప్రదేశపు స్థితినిగూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. 1847వ సంవత్సరమున ప్రారంభమై 1852వ సంవత్సరమున పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్టవలన గోదావరి డెల్టా అన్నపూర్ణయైనది. బీళ్లు చేలైనవి. మనుష్యులకు అన్నము లభించినది; పశువులకు మాత్రము మేతబయళ్లు తగ్గి, వరిగడ్డియే ప్రధానాహారమైనది. ఇటీవల వరికోత యంత్రములు వచ్చిన పిమ్మట ఆ గడ్డికూడ చేనిలోనే నలిగి చెదరిపోవుచున్నది. కొన్ని చోట్ల తగులబెట్టబడుచున్నది. కుప్పవేసిన గడ్డి తగ్గినకొలది పాకలోని పశువు తోకలవైపు తిరుగుటలో ఆశ్చర్యము లేదు.

వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు వంతులకంటె హెచ్చుగా ఉండవు. ఇసుకవంటి సిలికా దానిలో మెండు. కావున వరిగడ్డి కడుపు నింపును గాని ఒడలు పెంచదు. దానితోపాటు పచ్చమేత కొంతయైన ఉండితీరవలెను. వరికోతల తరువాత చేలలో జనుము, పిల్లిపెసర చల్లుట డెల్టా రైతుల ప్రాచీన సంప్రదాయము. మెట్టభూములు గలవారు జొన్న, మొక్కజొన్న వేసికొనవచ్చును. గుఱ్ఱమునకు గట్లమీది గరిక మిక్కిలి శ్రేష్ఠము. పచ్చజొన్న మాత్రము లేతగా నున్నప్పుడును, వానలేక వాడియున్నప్పుడును పశువులకు విషమగును. పూతకు వచ్చిన తరువాతనే కోసి వేయవలెను. గుఱ్ఱమునకు పచ్చజొన్న వేయకుండుటయే మేలు.

వరిగడ్డి బలము పెంచుటకు యూరియా కలుపు పద్ధతి యొకటి గలదు. 100 కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను 50 లేక 60 లీటర్ల నీటిలో కరగించి, పొరపొరగా చల్లి త్రొక్కి, గాలి చొఱకుండ 21 దినములు కప్పియుంచి, పిమ్మట కొంతసేపు ఆరనిచ్చి మేపవలెను. ఇది ఆఱు మాసములు దాటిన ఆవులకును గేదెలకును మాత్రమే. చిన్నదూడలకును, గుఱ్ఱములకును పెట్టరాదు. యూరియా కరగించిన నీటిని పశువు త్రాగినచో మరణించును. కావున ఆ తొట్టిని పశువులకు అందనిచోట నుంచుడు.

రెండవ కారణము: ఉప్పును ఖనిజలవణములును చాలకుండుట

చెమటతోకూడ ఉప్పు పోవును. గుఱ్ఱము పశువులన్నిటిలో మిక్కిలి చెమటపోయు జంతువు. మన వేసవిలో దానికి ఉప్పు అందనిచో చెమటపట్టిన తోటిగుఱ్ఱమును నాకుట నేర్చుకొనును. నాకుట క్రమముగా నమలుటగా మారును. ఉప్పుగడ్డనొకదానిని గాడిప్రక్కన కట్టి, కోరినప్పుడు నాకుకొనునట్లు చేయుట సులభమైన మార్గము. ఎదిగిన పశువునకు దినమునకు సుమారు 30 గ్రాముల ఉప్పు కావలెను. చెమటపట్టు పనిలో అంతకు హెచ్చును. పిల్లలకు అందు సగముకంటె తక్కువ చాలును. ప్రక్కన మంచినీరు ఎల్లప్పుడు ఉండవలెను. నీరులేక ఉప్పు పెట్టుట హాని.

ఖనిజలవణములలో భాస్వరము ముఖ్యమైనది. దక్షిణాఫ్రికాలో ఆర్నాల్డ్ థైలర్ అను పశువైద్యశాస్త్రజ్ఞుడు 1920వ దశకమునాటికి ఒక సంగతిని బయల్పఱచెను. అచ్చటి నేలలో భాస్వరము తక్కువగుటచే గడ్డిలోను తక్కువై, పశువులు బయళ్లలో పడియున్న ఎముకలను నమలుచుండెను. కుళ్లిన ఎముకలలోని విషముచే వేలకొలది పశువులు పక్షవాతము వచ్చి చచ్చుచుండెను. పశువులను ఎముకలకు దూరముగా నుంచి వ్యాధిని ఆపుట ఒక మార్గము. భాస్వరము గల మేతనిచ్చి ఎముకలమీది కోరికనే తీర్చుట మఱియొక మార్గము. ఈ రెండవ మార్గమే వ్యాధిమూలమును తొలగించినది. మన పాకలోని తోకకును, అచ్చటి బయలులోని ఎముకకును భేదము స్వల్పము.

వరిగడ్డి తిను పశువులకు భాస్వరము తౌడునుండి లభించును. అదిగాక ఖనిజలవణముల మిశ్రమము ఎదిగిన పశువునకు దినమునకు 40 మొదలు 50 గ్రాములు, దూడకు 10 మొదలు 20 గ్రాములు దాణాలో కలిపి పెట్టవలెను. అయితే గుఱ్ఱముల విషయమున ఒక హెచ్చరిక. తౌడు మిక్కుటముగా పెట్టినచో గుఱ్ఱమునకు సున్నపుపదార్థము కొఱతపడి, ముఖమునందలి ఎముకలు మెత్తబడి ఉబ్బును. ఆవునకు మంచిదైన తౌడు గుఱ్ఱమునకు కొలతమీదనే మంచిది. పిల్లిపెసరవంటి కాయజాతి మేత కొంత కలిపినచో సున్నపుపదార్థపు కొఱత తీరును.

మూడవ కారణము: కడుపులో పురుగులును, నోటిలో పండ్లును

మీరు పెట్టిన మేతలో కొంతభాగమును పురుగులు తినుచున్నచో పిల్ల యెంత తిన్నను ఆకలితోనే యుండును. బొజ్జ పెరిగి, వెండ్రుక బిరుసెక్కి, మన్ను తినుచున్న దూడకు పురుగులు గలవని అనుమానింపవలెను. గేదెదూడకు పుట్టిన పదవ దినముననే మొదటి పురుగులమందు పోయించి, ఆఱు మాసములు వచ్చువఱకు నెలకొకసారి పోయించుట మంచిది. గుఱ్ఱపుపిల్లకు రెండు మూడు మాసముల వయస్సున పశువైద్యునిచే మొదలుపెట్టింపవలెను. మందుమోతాదు బరువునుబట్టి మాఱును గనుక ఊహమీద పోయరాదు.

గుఱ్ఱమునకు ముందరి పాలపండ్లు రెండున్నర యేండ్లు మొదలు నాలుగున్నర యేండ్లవఱకు జతజతగా ఊడి క్రొత్తవి వచ్చును. ఆ కాలమున చిగుళ్ల దురదచే పిల్ల కొఱుకుటకేదైన కోరును. చేవగల తుమ్మకొయ్యయో, వేపకొమ్మయో అందునట్లు కట్టినచో తోకలజోలికి పోవుట తగ్గును.

నాల్గవ కారణము: ఊరకుండుట

తల్లినుండి వేఱుచేసి, చీకటికొట్టములో పొట్టిపలుపుతో దినమంతయు కట్టివేసిన పిల్లకు చేయుటకేమియు లేదు. దానికి ప్రతిదినము కొన్ని గంటలు బయట తిరుగుట అవసరము. నమలుచున్నదని దానిని ఒంటరిగా కట్టివేయకుడు. గుఱ్ఱము మందలో బ్రతుకు జంతువు. ఒంటరితనముచే గాడికొయ్యను పట్టి గాలిమ్రింగుటవంటి దురభ్యాసములు పుట్టును. అవి తోక నమలుటకంటె మాన్పుటకు కష్టమైనవి. శాంతస్వభావముగల ముసలిగుఱ్ఱము ప్రక్కన కట్టుట మేలు. అది కాలు విదల్చి, చెవులు వెనుకకు వంచి, పిల్లకు మర్యాద నేర్పును.

దూడల విషయమున మఱియొక సంగతి. గిన్నెలో పాలు త్రాగించిన దూడకు కడుపు నిండినను చప్పరించు కోరిక కొంతసేపు తీరదు. ఆ సమయమున అది ప్రక్కదూడ చెవినో, తోకనో, బొడ్డునో పట్టుకొనును. పాలు త్రాగగానే మూతి తుడిచి, నాలుకమీద చిటికెడు ఉప్పు రాచి, కొద్దిగా లేతగడ్డి వేసి, 20 నిమిషములు దూరదూరముగా కట్టినచో ఆ కోరిక చల్లారును.

తోకకు పూయదగినవి, పూయరానివి

పై కారణములను సవరించుచుండగా, అలవాటు తెగుటకై తోకలకు చేదు పూయవచ్చును. మన తల్లులు చంటిబిడ్డలకు పాలు మాన్పించుటకు పూయు ముసాంబరము ఇందులకు పనికివచ్చును. వేపనూనెయు మంచిదే. మిరపపొడిని నూనెలో కలిపి పూయుటయు కలదు. అది చర్మమునకుగాని కన్నులకుగాని తగులకుండ, తోకమొదలు విడిచి, క్రింది వెండ్రుకలకు మాత్రమే పూయవలెను. పూసినవారు చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. వర్షము కురిసిన తరువాతను, పశువును కడిగిన తరువాతను మరల పూయవలెను. పుండుగాని గీతగాని యున్న తోకకు మిరప పూయరాదు.

యంత్రములనుండి తీసిన పాతనూనె, కిరసనాయిలు, తారు, పురుగులమందు — వీనిని ఎట్టి పరిస్థితియందును పూయకుడు. పూసినదానిని పిల్ల నాకునను మాట మఱువరాదు. తోకను రక్షింపబోయి పిల్లను పోగొట్టుకొనుట తగదు. కొట్టుటయు నిష్ఫలము. మీరున్నంతసేపు మాని, మీరు వెళ్లినవెంటనే మొదలుపెట్టును. అంతియేకాక మనుష్యుని చూచిన బెదరుట నేర్చును.

క్రమము

ఈ యూరి నరసింహస్వామి కొండ నిటారుగా నుండును. మెట్టు వెంబడి మెట్టు వేసినవాడే పైకి చేరును. ఇదియు అట్లే. మొదటిదినమున తోకలను చూచి నమలుటయే యని నిశ్చయించుకొనుడు, తోకలకు చేదు పూయుడు, రాత్రిగడ్డి పెంచుడు, ఉప్పుగడ్డ కట్టుడు. మొదటి వారములో పురుగులమందునకును, పండ్లపరీక్షకును పశువైద్యుని కలిసికొనుడు. రెండవ వారమునుండి ఖనిజమిశ్రమమును కొలతప్రకారము పెట్టుచు, పిల్లను దినమునకు కొన్ని గంటలు బయట విడువుడు. మేత మార్పును ఒక్కసారిగా చేయక ఏడెనిమిది దినములలో కొద్దికొద్దిగా చేయవలెను.

గుణము తెలిసికొనుటకు నమలబడిన తోకచివర రంగుదారమొకటి కట్టుడు. ఒక మాసము గడచునప్పటికి దారము అట్లే నిలిచియున్నచో మీ ప్రయత్నము ఫలించినట్లే. దారమును మాయమైనచో గాడిలో ఇంకను ఏదో లోపమున్నదని గ్రహించి మరల మొదటినుండి చూడుడు. పిల్ల మేత మాని, కడుపువైపు తిరిగి చూచుచు, నేలపై పొర్లుచు, పేడ వేయకయున్నచో ఒక్క గంటయైన ఆలస్యము చేయక పశువైద్యుని పిలువవలెను.

సోదరులారా, గుఱ్ఱమును పోషించుట మన దేశమున శాస్త్రముగా నెన్నబడినది. శాలిహోత్రుని పేర అశ్వశాస్త్రము సంస్కృతమున గలదు. తెనుగున మనుమంచి భట్టు ‘హయలక్షణవిలాసము’ను రచించెను. అంతటి పెద్ద చదువు మనకు లేకున్నను, పశువు చేష్టను తప్పుగా నెంచక దాని కారణమును వెదకునంతటి యోపిక మనకుండవచ్చును. నేటి సాయంకాలము మీరు ఇండ్లకు పోయినప్పుడు, పాకలోని పశువుల తోకలను ఒకమాఱు దీపముపెట్టి చూడుడు. పిమ్మట గాడిని చూడుడు. రాత్రికి చాలునంత గడ్డి అందులో లేకున్నచో, మీ భోజనమునకు ముందే వేయుడు.